కొత్త లోకం గడప మీద

వలసపోయినవాడి కథను మన తెలుగు చలనచిత్రాలు సాధారణంగా విమానం దిగిన తరువాత మొదలుపెడతాయి. మంచు కురిసే వీధులు, అద్దాల మేడలు, వెడల్పాటి రోడ్లు, వాటి మధ్య ఒక పాట: మన తెర మీద అమెరికా అంటే ఇదే. అక్కడికి చేరిన తెలుగువాడికి వచ్చే కష్టం కూడా ఒక తరహాదే. పిల్లలు తెలుగు మరచిపోతున్నారనీ, కూతురు పరాయి జాతివాణ్ణి ప్రేమించిందనీ, పండుగ పండుగలా లేదనీ అతను బాధపడతాడు. 1987లో జంధ్యాల తీసిన ‘పడమటి సంధ్యారాగం’ ఈ బాధను హాస్యంతోనూ సంస్కారంతోనూ చెప్పింది; దానిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 2000లో శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’ ఒక అడుగు వెనక్కు వేసి, పోవాలా వద్దా అనే మధ్యతరగతి యువకుల తర్జనభర్జనను పట్టుకుంది. అయితే ఈ రెంటికీ మధ్య ఇంకొక చోటు వుంది. ఊరు విడిచినవాడు, పరదేశంలో ఇంకా కాలు పెట్టనివాడు నిలబడే చోటు అది. అదే గడప. అక్కడ మనిషిని నిలబెట్టి కనురెప్పలు ఎత్తి చూస్తారు, కాగితాలు తిప్పి చూస్తారు, పనికివస్తాడో రాడో తేలుస్తారు. ఆ చోటును మన సినిమా దాదాపుగా వదిలేసింది.

ఆ చోటునే ఇతివృత్తంగా చేసుకున్న చిత్రం ఒకటి ఇటలీలో వచ్చింది. 2006లో ఎమానుయేలే క్రియలేసే రచించి, దర్శకత్వం వహించిన ‘నువోవోమోందో’ అది. మాటకు ‘కొత్త లోకం’ అని అర్థం. ఇంగ్లీషు దేశాల్లో దానిని ‘గోల్డెన్ డోర్’ అనే పేరుతో చూపించారు. క్రియలేసే రోములో పుట్టినా సిసిలీ కుటుంబంవాడు. సినిమా విద్య నేర్చింది న్యూయార్కులో. అంటే వలస సంగతి అతనికి పుస్తకాల వల్ల తెలిసింది కాదు. ఆ ఏడు వెనిస్ చిత్రోత్సవంలో ఈ చిత్రానికి ప్రత్యేక బహుమతి లభించింది. కాని బహుమతుల కోసం దీనిని మనం చూడనక్కరలేదు. మన జీవితంలోని ఒక విషయాన్ని మనకంటే ముందు గమనించింది గనుక చూడాలి.

కథ చాలా చిన్నది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలు. సిసిలీ ద్వీపంలో, రాళ్ళు తప్ప మరేమీ పండవా అనిపించే ఒక కొండ ప్రాంతం. సాల్వతోరే మంకూజో అనే పేదరైతు తన పెద్దకొడుకుతో కలిసి, నోట్లో రాయి కరచుకుని, వట్టి కాళ్ళతో కొండ ఎక్కుతాడు. పైన శిలువ దగ్గర ఆ రాళ్ళు పెట్టి, వుండమంటావా, పొమ్మంటావా, ఏదో ఒక గురుతు చూపించమని దేవుణ్ణి అడుగుతాడు. అంతలో మూగవాడైన చిన్నకొడుకు పరుగెత్తుకొచ్చి కొన్ని బొమ్మకార్డులు చేతిలో పెడతాడు. అవి అమెరికా బొమ్మలు. ఒక దానిలో చెట్టుకు నాణేలు కాశాయి. మరొక దానిలో మనిషిని మించిన కూరగాయలు. వాటిని సాల్వతోరే దేవుడిచ్చిన జవాబుగా తీసుకుంటాడు. పశువులను ఇచ్చివేసి బట్టలూ బూట్లూ సంపాదిస్తాడు. ముసలితల్లి ఫొర్తునాతానూ, ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని ఓడ ఎక్కుతాడు. ఆ ప్రయాణంలో లూసీ అనే ఇంగ్లీషు యువతి తారసపడి, అమెరికాలో ప్రవేశం దొరకడం కోసం తనను పెళ్ళాడమని అడుగుతుంది. తుపానులో పడి లేచి, పొగమంచులో ఓడ రేవు చేరుతుంది. ఎల్లిస్ ద్వీపంలో పరీక్షలు జరుగుతాయి. ముసలితల్లినీ మూగపిల్లవాడినీ కొత్త లోకానికి తగనివారుగా తేలుస్తారు. అక్కడితో కథ అయిపోతుంది.

నేను పనిచేసే కళాశాలలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులకు ఈ చిత్రం చూపించాను. తెర మీద పేర్లు పడుతూంటే వెనక వరస నుంచి ఒకతను అడిగాడు: “సార్, అమెరికా ఎప్పుడు చూపిస్తరు?” తక్కినవాళ్ళు నవ్వారు. నవ్వవలసిన ప్రశ్న కాదది. చిత్రమంతా ఆ ప్రశ్నలోనే వుంది. ఇందులో స్వేచ్ఛాదేవి విగ్రహం లేదు, ఆకాశాన్నంటే మేడలు లేవు. మసక అద్దాల కిటికీలకు ఎగబాకి కొందరు బయటికి చూస్తారు. వాళ్ళు చూసినదేమిటో మనకు కనిపించదు. ప్రేక్షకుడు కూడా ఆ మనుషులతోపాటు గడప ఇవతలే వుండిపోతాడు. మూడవ తరగతి ప్రయాణికుడికి కొత్త లోకం ఎంత కనిపించిందో మనకూ అంతే కనిపించాలని దర్శకుడు నిర్ణయించుకున్నాడు. ఇది కేవలం చమత్కారమైతే నేనింతగా రాయను. వలస అనే వ్యవహారంలో ముఖ్యమైనది ఆవలి దేశం కాదు, ఆ దేశాన్ని బొమ్మగా వేసి చూపించే చెయ్యీ, తలుపు దగ్గర కాపలా కాసే చెయ్యీ అని చెప్పడానికి ఇంతకంటే సూటి మార్గం లేదు.

బొమ్మకార్డు సంగతి కొంత ఆలోచించాలి. చెట్టుకు డబ్బు కాస్తుందని నమ్మిన సాల్వతోరేను చూసి చదువుకున్న ప్రేక్షకుడు జాలిపడవచ్చు. కాని దానిని అబద్ధమని తేల్చుకునే సాధనం అతని దగ్గర ఏముంది? అతనికి చదువు లేదు. పోయినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. వచ్చినవాళ్ళు పడిన పాట్లు చెప్పుకోరు. ఇది మన ఊళ్ళలోనూ అంతే. సెలవులో వచ్చినవాడు కొత్త చొక్కా వేసుకుని, నలుగురికీ సిగరెట్టు పెట్టెలు పంచి పోతాడు గాని, పన్నెండుమందితో కలిసి ఒక గదిలో పడుకున్నానని చెప్పడు. అతని మౌనం కూడా ఒక బొమ్మకార్డే. ఓడ కంపెనీలకు టిక్కెట్లు అమ్ముడుపోవాలి; గనులకూ మిల్లులకూ రైలు దారులకూ చవకగా చేతులు కావాలి. ఇన్ని అవసరాలు కలిసి అచ్చువేసిన అబద్ధాన్ని ఒక నిరక్షరాస్యుడి అమాయకత్వం కింద జమకట్టడం న్యాయం కాదు.

ఓడ రేవు విడిచే దృశ్యం గురించి ఈ చిత్రాన్ని చూసిన ప్రతివాడూ మాట్లాడతాడు. కెమేరాను నెత్తిమీద పెట్టారు. కింద ఒక్కటే జనసమూహం, సందు లేకుండా. ఉన్నట్టుండి మధ్యలో ఒక గీత కనబడుతుంది. ఆ గీత వెడల్పవుతుంది. అప్పుడు తెలుస్తుంది: సగం మంది నేలమీద, సగం మంది ఓడమీద వున్నారని. మధ్యన వున్నది నీరు. ఏడుపులు లేవు, సంగీతం లేదు. ఛాయాగ్రాహకురాలు ఆన్యెస్ గొదార్ పనితనాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఒక జాతి రెండు ముక్కలు కావడాన్ని అలంకారం లేకుండా చూపించటం అంటే అది.

ఇక గడప దగ్గరికి వద్దాం. ఎల్లిస్ ద్వీపంలోని వలస కేంద్రాన్ని 1892 జనవరి 1న తెరిచారు, 1954 నవంబరులో మూశారు. ఈ మధ్యకాలంలో 1 కోటీ 20 లక్షలమందికి పైగా ఆ తలుపులోంచి పోయారు. 1907 ఒక్క సంవత్సరంలోనే 10 లక్షలు దాటారు. వచ్చినవారు మెట్లెక్కుతూంటే వైద్యులు కొన్ని క్షణాలపాటు చూసి, అనుమానం కలిగినవారి కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవారు. గుండెజబ్బు అనుమానానికి హెచ్, కంటిజబ్బుకు ఇ, బుద్ధిమాంద్యానికి ఎక్స్. బూట్ల బొత్తాలు పెట్టుకునే కొక్కెంతో కనురెప్పలను తిరగేసి చూసేవారు. 1912 తరువాత హోవర్డ్ నాక్స్ అనే వైద్యుడు, అక్కడి భాష రానివాళ్ళ తెలివిని కొలవడానికని చెక్కముక్కల పరీక్షలు ప్రవేశపెట్టాడు. వెనక్కు పంపింది నూటికి ఇద్దరినే కదా అని అంటారు. పంపింది ఇద్దరినే కావచ్చు; భయం నూరుమందికీ పెట్టారు. ఆ ఇద్దరిలో ఒకరు కన్నతల్లి అయితే మిగిలిన కుటుంబం గడప దాటినా దాటినట్టు కాదు.

మరొక సంగతి మన పాఠకులు ప్రత్యేకం గమనించాలి. ఈ పరీక్షలన్నీ ఓడ అడుగున వచ్చినవారికే. మొదటి, రెండవ తరగతి ప్రయాణికులను ఓడమీదనే మర్యాదగా చూసి పంపించేవారు. ఏ జబ్బో కంటబడితే తప్ప వారు ఆ ద్వీపం మెట్లు ఎక్కే అవసరమే లేదు. కన్నుజబ్బూ బుద్ధిమాంద్యమూ టిక్కెట్టు ధరను బట్టి వస్తాయని వైద్యశాస్త్రం ఎక్కడా చెప్పలేదు. అయినా గడప అలాగే పనిచేసింది. ఇది ఎప్పటిదో అనుకోనక్కరలేదు. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ఒకేరోజు రెండు ఉత్తర్వులపై సంతకం చేశాడు. ఒకటి, హెచ్-1బి వీసా మీద కొత్తగా రాదలచిన పనివాడి తరఫున 1 లక్ష డాలర్లు కట్టాలన్నది. రెండవది, 10 లక్షల డాలర్లు సమర్పించుకునేవారికి ‘గోల్డ్ కార్డు’ పేరుతో తలుపు తెరిచేది. బంగారు వాకిలి అనే మాటను ఇంత అక్షరాలా అమలుచేసినవారు లేరు.

నోరులేని పేదల కోసం మొదలైన ఈ వడపోత తరువాత జాతుల వడపోతగా మారింది. 1917 ఫిబ్రవరి 5న, అధ్యక్షుడు కాదన్నా వినక, అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసింది. చదవడం వచ్చిందా లేదా అన్న పరీక్ష అప్పుడే వచ్చింది. ఆ చట్టంతోనే భారతదేశం సహా ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించారు. 1923లో భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ పౌరసత్వం కోసం పోరాడితే, నువ్వు తెల్లవాడివి కావని సుప్రీంకోర్టు తీర్పుచెప్పింది. 1924 చట్టం ఇటలీవారికి ఏడాదికి 3,845 మంది అని హద్దు గీసింది. సాల్వతోరే తమ్ముడెవరైనా అప్పటికి ఊళ్ళో మిగిలివుంటే అతనికి పరీక్షలు కూడా లేవు, తలుపే లేదు.

ఈ తలుపులు పూర్తిగా మూసుకోకముందు అక్కడికి చేరిన తెలుగువాడు దరిశి చెంచయ్య. కనిగిరి ప్రాంతం నుంచి చదువు కోసం పోయి, కాలిఫోర్నియాలో పంజాబీ కూలీల మధ్య గదర్ పార్టీలో చేరాడు. అతని స్వీయచరిత్ర ‘నేనూ నా దేశం’ మన భాషలో వుంది. చదువుకోసం పోయినవాడు కూలీల పక్కన నిలబడ్డాడు. అది అతని గొప్ప. తరువాతి కాలంలో మనవాళ్ళు రాసిన అమెరికా రచనలలో ఎన్నింటిలో ఆ కూలీ కనబడతాడు? విశ్వవిద్యాలయాలలో తులనాత్మక సాహిత్యం బోధించే మిత్రులు ఈ దిశలో ఆలోచించాలని నా మనవి.

తెలుగువాడి గడపలు ఎక్కడున్నాయో ఇప్పుడు చూద్దాం. తెలంగాణలో వలసకు ఒక పాత లెక్క వుంది: బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. బొంబాయికి గడప లేదు. నిజాం రాజ్యం నుంచి రాళ్ళు మోయడానికీ మేడలు కట్టడానికీ పోయిన కామాటీల పేరు అక్కడి కామాటిపురాకు నిలిచిపోయింది. దుబాయికి మాత్రం గడపలు చాలా వున్నాయి. 1983 నాటి వలసల చట్టం కింద, పదో తరగతి గట్టెక్కనివాడు గల్ఫు దేశాలకు కూలికి పోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలి. చట్టం ఉద్దేశం రక్షణే కావచ్చు. కాని చదువురానివాణ్ణి ఆ అనుమతి తప్పించి, సందర్శకుడి వీసా మీద సాగనంపే ఏజెంట్లు దాని చాటున పెరిగారు. ఇక వైద్యపరీక్ష. “మెడికల్ల ఫెయిలయిండు” అన్న మాట జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ఊళ్ళలో ఎవరికీ వివరించనక్కరలేదు. అప్పుచేసి ఏజెంటుకు కట్టినవాడికి ఆ ఒక్క మాట చాలు. ఎల్లిస్ ద్వీపంలో సుద్దముక్కతో రాసిన అక్షరం ఇక్కడ కాగితం మీద ముద్రగా మారింది, అంతే. 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ పేరుతో చిత్రం తీసి ఈ బాధలను తెరమీదికి తెచ్చాడు. అటువంటి ప్రయత్నాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. గల్ఫులో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఇది మంచి పనే. కాని బతికివున్నప్పుడు లెక్కలోకి రానివాడు పెట్టెలో తిరిగి వచ్చాక లెక్కలోకి రావడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అమెరికా పోదలచిన చదువుకున్న తెలుగువాడి గడప వేరు. అతను నోట్లో రాయి పెట్టుకుని కొండ ఎక్కడు. హైదరాబాదు పక్కన చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా కోరతాడు, వచ్చాక నూటెనిమిది చేసి మొక్కు చెల్లిస్తాడు. దీనిని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. వీసా ఇచ్చే అధికారి ఏ కారణం చేత ఒకరికి అవునంటాడో, మరొకరికి కాదంటాడో ఎవరికీ అంతుచిక్కనప్పుడు, మనిషి దేవుడి దగ్గరికి కాక ఎక్కడికి పోతాడు? ప్రశ్నించే వీలులేని అధికారం వున్నచోట ప్రదక్షిణలు పుడతాయి. సాల్వతోరే మోసిన రాయీ, ఈ కుర్రవాడి ప్రదక్షిణా ఒకే నిస్సహాయతకు రెండు రూపాలు.

ఇక బొమ్మకార్డు వేసినవాడూ, గడప కాసినవాడూ ఒకడే అయితే ఏమవుతుంది? అదీ జరిగింది. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమని ఒకటి వుండేది. దానికి వెబ్‌సైటు వుంది, అధికార ముద్ర వుంది, ఫీజు వుంది. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. దానిని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖవారే. 2019 జనవరి చివర వల లాగారు. మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. అందులోనూ తెలుగువాళ్ళే ఎక్కువ. తరగతులు లేవని తెలిసే వీళ్ళు చేరారని ప్రభుత్వం వాదించింది. కొందరికి తెలిసే వుండవచ్చు. వాళ్ళను చేర్పించిన దళారులు కూడా తెలుగువాళ్ళే కావడం మనం దాచుకోవలసిన సంగతి కాదు. కాని అబద్ధపు కార్డును ప్రభుత్వమే అచ్చువేసి, దానిని నమ్మినందుకు ఆ ప్రభుత్వమే సంకెళ్ళు వేయడం క్రియలేసే ఊహకు కూడా అందలేదు. అతని చిత్రంలో కార్డు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. మన వాస్తవం ఆ ఖాళీని పూరించింది.

ఇంత మెచ్చుకున్నాక ఈ చిత్రంలో లోపం కూడా చెప్పాలి. సాల్వతోరే ఎందుకు పేదవాడయ్యాడో ఇందులో చెప్పలేదు. రాళ్ళు చూపించారు, ఆ రాళ్ళ పక్కన మంచి పొలాలు ఎవరి కింద వున్నాయో చూపించలేదు. సిసిలీ అంటే పెద్ద జమీల దేశం. అక్కడి కౌలుదార్లూ, కూలీలూ, గంధకపు గనుల పనివారూ 1891 నుంచి ‘ఫాషీ’ అనే సంఘాలు కట్టి, కౌలు తగ్గించాలని, పన్నులు తగ్గించాలని పోరాడారు. (తరువాత వచ్చిన ఫాసిస్టులకూ ఈ సంఘాలకూ మాటలో తప్ప పోలిక లేదు.) 1894 జనవరిలో ప్రధానమంత్రి క్రిస్పీ ఆ ద్వీపంలో సైనిక పాలన పెట్టి సంఘాలను అణచివేశాడు. తరువాతి రెండు దశాబ్దాలలో సిసిలీ ఊళ్ళు ఓడలెక్కాయి. ఈ చరిత్ర తీసేస్తే వలస అనేది కరువు, కల, దేవుడు కలిసి చేసిన పనిలా కనబడుతుంది. పాలనదిలో మనుషులు ఈదే ఆఖరి దృశ్యం ఎంత అందంగా వున్నా, ఆ అందం వెనక ఈ ఖాళీ వుంది. లూసీ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో చెప్పకపోవడం ఒక రహస్యంగా బాగుంటుంది. సాల్వతోరే దారిద్ర్యాన్ని కూడా రహస్యంగా వుంచడం బాగుండదు.

ఈ లోపాన్ని మనం మరింత స్పష్టంగా చూడగలం. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ తరువాత కొద్ది వారాలకే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. సరిగ్గా ఆ తాలూకాలే తరువాతి దశాబ్దాలలో గల్ఫు వలసలకు పేరుమోశాయి. ఇది కారణం, అది ఫలితం అని నేను సూత్రం కట్టడం లేదు. చమురు డబ్బు వుంది, నీళ్ళులేని బావులు వున్నాయి, అన్నను చూసి తమ్ముడు పోవడం వుంది. కాని ఊళ్ళో వుండి బతుకు మార్చుకునే దారి ఒకటి మూసుకున్నప్పుడే ఊరు విడిచే దారి వెడల్పవుతుందన్న సంగతి సిసిలీకీ జగిత్యాలకూ ఒకటే.

నేను వుంటున్నది ఝరాసంగంలో. జహీరాబాదుకు దగ్గరి ఊరు. కేతకీ సంగమేశ్వరస్వామి గుడి వల్ల దీని పేరు నలుగురికీ తెలుసు. ఇక్కడ శివుణ్ణి మొగలిపూలతో కొలుస్తారు. శివరాత్రికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి జనం వస్తారు. 1956 దాకా జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలో వుండేది. అందుచేత ఇక్కడి మాటలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసిపోయి వుంటాయి. మనుషులు కదలకుండానే వాళ్ళ మీదుగా సరిహద్దు కదిలిపోయిన ప్రాంతం ఇది. ఇప్పుడు ఇక్కడివారి ముందున్న విషయం కూడా అటువంటిదే. కొత్త లోకానికి వీళ్ళు పోవడం కాదు, కొత్త లోకమే వీళ్ళ పొలాల్లోకి వస్తున్నది. జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి పేరుతో, వాడుకలో ‘నిమ్జ్’ అంటారు, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో 12,600 ఎకరాల పైచిలుకు భూమికి ప్రణాళిక వేశారు. 2016లో దానికి కేంద్రం తుది అనుమతి వచ్చింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాలలో జహీరాబాదు పేరు వుంది. ఆ నగరాల బొమ్మలు నేను చూశాను. నున్నని రోడ్లు, రోడ్డుకు రెండువైపులా ఒకే ఎత్తు చెట్లు, నీడ పడని భవనాలు. బొమ్మలో నడిచేవాళ్ళెవరూ జొన్నరొట్టె తినేవాళ్ళలా లేరు.

పరిశ్రమలు వద్దనే వాదన నాది కాదు. యంత్రాన్ని చూసి భయపడటం అభ్యుదయం కాదు. నా ప్రశ్న ఎల్లిస్ ద్వీపపు ప్రశ్న: ఆ నగరం గేటు దగ్గర ఎవరు ఎవరిని పరీక్షిస్తారు? రెండెకరాల అసైన్డు భూమి ఇచ్చినవాడి కొడుకు ఆ గేటులోకి ఏ పనికోసం పోతాడు? భూమి ఏమీ లేక, ఆ భూమిలో కలుపుతీసి బతికిన ఆడమనిషిని ఏ కాగితం మీద లెక్కవేస్తారు? వాళ్ళు ఓడ ఎక్కరు. సొంత ఊళ్ళోనే గడప ఇవతల మిగిలిపోతారు.

ఇందుకే ఈ చిత్రంలో నాకు సాల్వతోరే కంటే అతని తల్లి ఫొర్తునాతా గొప్ప పాత్రగా తోచింది. ఊళ్ళో ఆమె మంత్రసాని, వైద్యురాలు, భూతం పట్టినవాళ్ళకు దిక్కు. పదిమంది ఆమె గడపకు వచ్చేవారు. ఎల్లిస్ ద్వీపంలో అదే మనిషి చేతిలో చెక్కముక్కలు పెట్టి, వీటిని సరిగా అమర్చు, నీకు తెలివి వుందో లేదో చూస్తామంటారు. ఆమె అమర్చదు. మనుషులలో ఎవరు తగినవారో, ఎవరు తగరో తేల్చడానికి మీరెవరు, దేవుళ్ళా అన్నట్టుగా ఎదురు నిలుస్తుంది. ఆ నిరాకరణే ఆమె తెలివితక్కువతనానికి రుజువయింది. మా ఇంటి వసారాలో మరోసారి ఈ చిత్రం వేసినప్పుడు, పక్కింటి ముసలామె భాష తెలియకపోయినా ఆ ఘట్టాన్ని కదలకుండా చూసింది. “సారూ, ఆమెను గా చెక్కలు పేర్చుమంటున్నరు గదా. వాండ్లను ఒక్కపాలి విత్తనం కట్టుమనుండ్రి సూద్దాం” అన్నది. ఇన్నాళ్ళుగా నేను చదివిన సమీక్షలలో ఈ మాట ఎవరూ రాయలేదు. పరీక్ష పెట్టేవాడు తనకు వచ్చినదాన్నే తెలివి అంటాడు. తనకు రానిది అసలు విద్యే కాదంటాడు.

ఆ ముసలామె మాట గాలిలోంచి పుట్టలేదు. ఈ ప్రాంతంలో 1983 నుంచి దక్కను అభివృద్ధి సంఘం ఆధ్వర్యాన దళిత స్త్రీలు ఊరూరా సంఘాలు కట్టుకుని జొన్న, సజ్జ, కొర్ర, సామల విత్తనాలు దాచుకుంటూ వచ్చారు. ఈ మండలంలోనే మాచునూరులో 2008 అక్టోబరులో ‘సంఘం రేడియో’ మొదలయింది. దానిని నడిపేది ఆ స్త్రీలే. వాళ్ళలో కొందరు కెమేరా పట్టారు. 2003లో వరంగల్లు రైతులకు బీటీ పత్తి చేసిన నష్టం మీద వాళ్ళు తీసిన చిత్రం బయటి దేశాల్లో కూడా చూపించారు. బడికి పోని స్త్రీలు చేసిన పని ఇది. క్రియలేసే ఫొర్తునాతా గురించి సినిమా తీశాడు. ఇక్కడ ఫొర్తునాతాలే సినిమా తీశారు. ఈ రెంటికీ తేడా వుంది. మొదటిది సానుభూతి, రెండవది సాక్ష్యం. మనకు రెండూ కావాలి, కాని రెండవది లేనిచోట మొదటిది త్వరగా అలంకారమైపోతుంది.

క్రియలేసే ఇంతటితో ఆగిపోలేదని చెప్పడం అతనికి న్యాయం. 2011లో అతను ‘తెర్రఫెర్మా’ తీశాడు. ఈసారి గడప సిసిలీ పక్కన ఒక చిన్నదీవి. వస్తున్నవాళ్ళు ఆఫ్రికా నుంచి పడవల్లో. సముద్రంలో మునిగిపోయేవాణ్ణి పైకి లాగడం బెస్తల ధర్మం. లాగితే పడవను జప్తు చేయడం చట్టం. ముసలి బెస్త ధర్మం వైపు నిలుస్తాడు. అతని మనుమడు మాత్రం ఒకరాత్రి తన పడవను పట్టుకున్న నల్లని చేతులను కొట్టి విడిపిస్తాడు. సాల్వతోరే మనుమళ్ళు కాపలాదారులయ్యారు. వలసపోయినవాడి సంతానం వలసవచ్చినవాణ్ణి తోసివేసే ఈ మలుపును తన జాతిపై దయ చూపకుండా చూపించినందుకు ఆ దర్శకుణ్ణి గౌరవించాలి. అమెరికాలో 2010-2017 మధ్య తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారని ఒక అధ్యయనం లెక్క. వాళ్ళలో గడప దాటినవాళ్ళు వెనక వచ్చేవాళ్ళను ఎలా చూస్తున్నారు? 2025 ఫిబ్రవరి 5న సంకెళ్ళతో 104 మంది భారతీయులను సైనిక విమానంలో అమృత్‌సర్‌కు దింపినప్పుడు, ‘దొంగదారిన పోతే ఇంతే’ అన్నవాళ్ళలో దొరదారిన పోయిన మనవాళ్ళు కూడా వున్నారు. హైదరాబాదులో మన ఇళ్ళు కట్టడానికి ఒడిషా, బీహారుల నుంచి వచ్చిన కూలీని మనం ఏ పేరుతో పిలుస్తున్నామో ఆలోచిస్తే ఈ ప్రశ్న అట్లాంటిక్ అవతలిది మాత్రమే కాదు.

వలస గురించి మన భాషలో కన్నీటి కవిత్వం కొరత లేదు. కొరతగా వున్నది విచారణ. పోయినవాడు ఏడ్చాడా అన్నది రచయిత అడగవలసిన మొదటి ప్రశ్న కాదు. ఊళ్ళో మంచిపొలం ఎవరి కింద వుంది, అప్పు ఎవరిచ్చారు, కాగితం ఎవరు రాశారు, పరీక్ష ఎవరు పెట్టారు, టిక్కెట్టు ఏ తరగతిది: ఇవి అడిగితే కన్నీరు దానంతట అదే అర్థవంతమవుతుంది. ఇవి అడగకపోతే ఎంత గొప్ప చిత్రమైనా పాలనదిలో తేలుతుంది.

నా తరగతిలో కూర్చున్న పిల్లలలో కొందరు హైదరాబాదు పోతారు. కొందరు దుబాయి పోతారు. ఒకరిద్దరు అమెరికా కూడా పోవచ్చు. మరికొందరు ఆ రాబోయే నగరం గేటు దగ్గర నిలబడతారు. పొమ్మనీ, వద్దనీ చెప్పే హక్కు జీతం తీసుకుని నీడన కూర్చునే నాకు లేదు. సాహిత్యం చెప్పే ఉపాధ్యాయుడికి ఒక చిన్న పని మిగిలి వుంది. ఎవరైనా వచ్చి చేతిలో బొమ్మకార్డు పెట్టినప్పుడు, చెట్టును చూసి ఆగిపోకుండా వెనక్కు తిప్పి చదవమని నేర్పవచ్చు. అచ్చువేసినవాడి పేరు సాధారణంగా ఆ వైపునే వుంటుంది.